గుండు చేయించుకున్న ఖాతాదార్లకు గమనిక

మనిషికి మనిషితో పని లేకుండా చెయ్యడమే నాగరికతకు చివరి మెట్టు అని కడియం గంగాధర్ గారు ప్రకటించి నాలుగేళ్లయింది. (ఆ ప్రకటన వినడానికి మూడు వందల మంది మనుషుల్ని ట్రాక్టర్లలో తోలుకొచ్చి, తలా ఒక పులిహోర పొట్లం ఇచ్చారు.)

ఆయన తండ్రి నర్సరీలో గులాబీ అంట్లు అమ్మేవారు. కొడుకు ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో ఎనిమిదేళ్లపాటు ఇతరుల యాప్‌లకు బటన్లు తగిలించి, తిరిగొచ్చి ‘అరచేతి’ అనే బ్యాంకు పెట్టారు. దానికి కౌంటరు లేదు, క్యాషియరు లేడు, దారం కట్టిన పెన్ను లేదు. ఫోనుకేసి మొహం పెట్టి రెండుసార్లు కళ్లార్పితే చాలు, ఖాతా తెరుచుకుంటుంది. కడియం నర్సరీ కూలీల దగ్గర్నుంచి మండపేట మిల్లు హమాలీల దాకా అందరి కూలి డబ్బులూ అందులోనే పడేవి. ఫిర్యాదులు వినడానికి ఒక్క మనిషైనా ఉండాలని పైవాళ్లు పట్టుబట్టడంతో, రాజమండ్రిలో ఒక మేడమీద గదిలో లాజరు అనే రిటైర్డు గుమస్తాని కూర్చోబెట్టారు. అతనికి వినే అధికారం మాత్రమే ఉంది. (పరిష్కరించే అధికారం కూడా ఇస్తే జనం మనుషులకు అలవాటుపడిపోతారు.)

నిబంధనలు గంగాధర్ గారే స్వయంగా రాశారు. పధ్నాలుగో నిబంధన ప్రకారం మూడుసార్లు మొహం కలవకపోతే సదరు ఖాతాదారు ‘కీర్తిశేషులై ఉండవచ్చునని భావింపబడిన వారు’. మళ్లీ మొహం కలిసేదాకా ఖాతా కదలదు.

బ్యాంకుకు లక్షమంది ఖాతాదార్లయితే గుండు చేయించుకుంటానని ఆయన వాడపల్లి వెంకన్నకు మొక్కుకున్నారు. లక్ష అయింది. ఏడు శనివారాలు తిరిగి, ఏడో శనివారం జుట్టూ మీసమూ కూడా స్వామికి సమర్పించారు. సోమవారం పొద్దున్న యాప్ తెరిస్తే, అది మూడుసార్లు చూసి మూడుసార్లూ కాదంది. యాప్‌ని బెంగళూరులో కళ్లజోళ్లతో పరీక్షించారు, గడ్డాలతో పరీక్షించారు. (శనివారం జుట్టుతో వెళ్లి జుట్టు లేకుండా తిరిగొచ్చే జనం ఉంటారని అక్కడివాళ్లకు చెప్పడం గంగాధర్ గారే మర్చిపోయారు.)

అరగంటలో ఆయన భార్య సారికకు మెసేజీ వచ్చింది. ఆవిడ వంటింట్లోంచి చదివి వినిపించింది.

“మీవారి మృతికి ప్రగాఢ సానుభూతి అంటన్నారండి. ఈ సేవకి ఐదుకి ఎన్ని మార్కులిస్తారని అడుగుతున్నారు. ఎంతెయ్యమంటారు?”

భర్త పెసరట్టు తుంచుకుంటున్నారు. ఆవిడ నాలుగేసింది.

నవ్వులాట కాదు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా ఆయన యాప్‌లోకి వెళ్లి బెంగళూరు పెట్టుబడిదార్ల ఒప్పందానికి సమ్మతి తెలపాలి. తెలపకపోతే ఒప్పందం రద్దు, వచ్చే నెలకు బ్యాంకు మూత. పధ్నాలుగో నిబంధన తీసేద్దామంటే, నిబంధన మార్చడానికి వ్యవస్థాపకుడి మొహం కావాలని పదిహేనో నిబంధన ఉంది. గంగాధర్ గారు మొదటిసారి మనిషిని వెతుక్కుంటూ బయల్దేరారు.

లాజరు గదికి వెళ్తే మెట్ల మీద కింది నుంచి పై దాకా గుండ్లే. గంధం రాసినవి కొన్ని, అప్పుడే మొలకెత్తుతున్నవి కొన్ని. ఆయనకు నలభై మూడో నంబరు చీటీ ఇచ్చారు. నలభై రెండు చిట్టెమ్మది. ఆమె ఆయన తండ్రి ఉన్న నర్సరీలోనే ముప్పై ఏళ్లుగా అంట్లు కడుతోంది.

“ఎన్నాళ్లబట్టి తిరుగుతున్నావు?” అని అడిగారాయన.

“మూడో వారం బాబూ. మనవరాలికి వచ్చే సోమవారంలోగా కాలేజీ ఫీజు కట్టాలి. నా కూలి డబ్బులు నాకిమ్మంటే నేను పోయానంటంది ఆ ఫోను. గుండైతే మాత్రం మనిషిని పోల్చుకోలేరేంటండి? మిమ్మల్ని కింద మెట్టు మీదే పోల్చేశాను. అచ్చం మీ నాన్నగారే.”

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. లోపల లాజరు లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

“ఆయ్, తమరు గంగాధర్ గారేనండి. కానీ నేను గుర్తుపడితే చెల్లదండి. వ్యక్తిగత పరిచయం సాక్ష్యం కాదని తమరే రాశారు కదండి.”

“మరి వీళ్లందరికీ ఏం చెబుతున్నారు?”

“జుట్టు పెరిగాక రమ్మంటున్నానండి.”

శుక్రవారం మధ్యాహ్నం గంగాధర్ గారు కొవ్వూరులో నాటకాలకు వేషసామగ్రి అద్దెకిచ్చే దుకాణానికి వెళ్లారు. శ్రీకృష్ణుడి జుట్టు కావాలా, పోలీసు ఇన్‌స్పెక్టరు జుట్టు కావాలా అని దుకాణదారు అడిగాడు. ఈయన మీసంతో సహా ఇన్‌స్పెక్టరుదే తీసుకున్నారు. నాలుగూ నలభైకి యాప్ ఆయన్ని బతికించి స్వాగతం పలికింది, నాలుగూ నలభై ఒకటికి ఒప్పందం పూర్తయింది.

ఇప్పుడిక పధ్నాలుగో నిబంధన తీసెయ్యడం ఒక్క వేలి పని. చిట్టెమ్మ గుర్తొచ్చి వేలు అక్కడిదాకా వెళ్లింది కూడా. అంతలో ఫోనులో పెట్టుబడిదారు పలకరించి, ఆలస్యానికి కారణం విన్నాడు.

“ఇలా గుండుతో ఆగిపోయినవాళ్లు ఎంతమంది ఉంటారు?”

“రెండు వేల ఏడు వందలండి.”

“ఏడాదికా?”

“శనివారం శనివారం పెరుగుతారండి.”

“అలాంటి గిరాకీని వదులుకుంటారా?”

వేలు వెనక్కి వచ్చింది. గంగాధర్ గారికి సిగ్గేసింది, అయితే అది ఒప్పందంలో లేని విషయం.

సోమవారం లాజరు గదిలో ‘కేశసేవ’ ప్రారంభమైంది. ఒకసారి విగ్గు పెట్టుకోవడానికి అద్దె నలభై తొమ్మిది రూపాయలు. మొదట చిట్టెమ్మను పిలిచారు. లాజరు పొడుగాటి విగ్గు తెచ్చి తలమీద సర్దుతుంటే, ఆమె ఒక పాయ వేళ్ల మధ్య తీసుకుని నలిపి చూసింది.

“అసలు జుట్టేనండి ఇది. ఎక్కడిదండి?”

“మొక్కుల జుట్టేనమ్మా. వేలంలో కొంటారు.”

చిట్టెమ్మ ఆ పాయ వదిలేసింది. ఫోనుకేసి చూసి రెండుసార్లు కళ్లార్పింది. ఆమె సజీవురాలేనని అరచేతి బ్యాంకు ధ్రువీకరించి, నలభై తొమ్మిది రూపాయలు కోసుకుని, జుట్టు ఖాతాదారు సొంతదే అయినప్పటికీ అద్దెలో మినహాయింపు ఉండదని మెసేజీ పంపింది.