మంత్రిగారు సముద్రం చూస్తున్నారు

నిరాడంబరత శాఖ మంత్రిగారు రెండు రోజులపాటు సముద్రపు ఒడ్డున ఒక సామాన్యుడిలా విశ్రాంతి తీసుకోబోతున్నారని ఆ శాఖ నాలుగు రంగుల్లో ప్రకటించింది. కాన్వాయ్ ఉండదు. పూలదండలు ఉండవు. ఫ్లెక్సీలు అసలే ఉండవు. ఈ సంగతి ప్రజలందరికీ తెలియాలని నగరమంతా ఫ్లెక్సీలు కట్టారు.

మంత్రిగారు స్వయంగా విలేఖరుల ముందుకు వచ్చి, "నేనూ మనిషినే," అని వెల్లడించారు. అంతటి మాట ఆయన నోట అంతకు ముందెవరూ వినలేదు.

"ఈ ప్రయాణానికి ప్రేరణ ఏమిటి సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

మంత్రిగారు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఒక తల్లి. మా సిబ్బందిలో ఒకరి తల్లి. పాపం, చూపు పోతోంది. పూర్తిగా పోయేలోగా సముద్రం చూడాలని ఆవిడ కోరిక. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తాను."

కెమెరాలు టపటపలాడాయి. హాలు చివర, ఫైళ్లు గుండెలకు హత్తుకుని నిలబడ్డ సరేసార్‌కు తన సెలవు పోయిందని అప్పుడు అర్థమైంది.

సరేసార్ ఆయన అసలు పేరు కాదు. మంత్రిగారి ఆంతరంగిక కార్యదర్శి. వరసగా ముగ్గురు మంత్రుల దగ్గర పనిచేసి, ముగ్గురికీ అదే జవాబు చెప్పి ఆ పేరు సంపాదించుకున్నాడు. కోపం వచ్చినప్పుడు ఇంట్లో భార్య కూడా అలాగే పిలుస్తుంది.

ముందురోజు జరిగింది ఇంతే. సరేసార్ తల్లి ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక కుట్టు కర్మాగారంలో నావికుల తెల్ల దుస్తులకు కాలర్లు కుట్టింది. సముద్రం మాత్రం చూడలేదు. కళ్ల డాక్టరు ఆవిడను పరీక్షించి, చేతులు కడుక్కుని, "చూపించాలనుకున్నవి ఏవైనా ఉంటే తొందరగా చూపించండి," అన్నాడు. సరేసార్ ఆ సాయంత్రమే బీచ్ దగ్గర చిన్న లాడ్జిలో గదీ, బస్సులో సీట్లూ ఫోన్లో మాట్లాడేసి, రెండు రోజుల సెలవు కోసం మంత్రిగారి గదిలోకి వెళ్లాడు.

మంత్రిగారు విని కదిలిపోయారు. కదిలిపోవడంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

"సముద్రమా! ఏవయ్యా, నేను సముద్రం చూసి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా? మీ అమ్మగారిని నేనే తీసుకెళ్తాను."

"రెండ్రోజులు సెలవిస్తే చాలు సార్. బస్సులో సీట్లు కూడా..."

"చూపు ఆనని మనిషిని బస్సెక్కిస్తావా? నువ్వసలు కొడుకువేనా?"

"సరే సార్," అన్నాడు సరేసార్.

ఇంట్లో ఈ కబురు చెబితే భార్య చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"నేను సెలవు అడగమన్నానండీ. మంత్రిని అడగమన్నానా?"

"పోనీలేవే," అంది అమ్మ, కిటికీ దగ్గర కూర్చుని కొడుకు చొక్కాకు గుండీ కుడుతూ. "కారులో తీసుకెళ్తారేమో. నాకు బస్సు పడదు కూడానూ."

అప్పటికింకా ఆవిడ సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది.

నిరాడంబరమైన ప్రయాణానికి ఏర్పాట్లు చేయడానికి నిరాడంబరమైన కమిటీ ఒకటి వేశారు. అందులో ప్రోటోకాల్ అధికారి, భద్రతాధికారి, ప్రచారాధికారి, వాళ్ల సహాయకులు, సహాయకుల డ్రైవర్లకు వేరే గది.

"సముద్రానికి ఎంట్రీలెన్ని?" అని అడిగాడు భద్రతాధికారి.

"ఎంట్రీ అంటూ ఉండదు సార్. ఒడ్డంతా తెరిచే ఉంటుంది," అన్నాడు సరేసార్.

"కాంపౌండు వాల్?"

"లేదు సార్."

"కట్టి ఎన్నాళ్లయిందో గాని, ఇంత నిర్లక్ష్యమా? సరే. నీళ్ల వెనకాల ఏముంది?"

"నీళ్లే సార్."

"ఆ నీళ్ల వెనకాల?"

సరేసార్ ఆలోచించాడు. "అలా వెళ్తే వేరే దేశం వస్తుంది సార్."

గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భద్రతాధికారి పెన్ను మూత పెట్టేశాడు. "అంటే మంత్రిగారు విదేశీ సరిహద్దు దగ్గర చెప్పుల్లేకుండా నిలబడతారన్నమాట. ఈ ఫైలు విదేశాంగ శాఖకు వెళ్లాలి."

ఫైలు వెళ్లింది. అది తిరిగొచ్చేలోగా గోడ సంగతి చర్చకు వచ్చింది. గోడ కడితే నిరాడంబరంగా ఉండదని ప్రోటోకాల్ అధికారి, కట్టకపోతే మంత్రిగారు జనానికి కనిపించేస్తారని భద్రతాధికారి పట్టుబట్టారు. చివరికి ఒడ్డు పొడుగునా ఆకుపచ్చ గుడ్డ పరదా కట్టాలని, మంత్రిగారు ఉన్న రెండు రోజులూ ఏ కారణం చేతనైనా, ఎంతటివారినైనా లోపలికి వదలరాదని తీర్మానించారు. ఆ ఉత్తర్వు రాసింది సరేసారే. ఇలాంటివి ఆయన చాలా చక్కగా రాస్తాడు. సందు ఉండదు.

తర్వాత లాడ్జి గది. సామాన్యుడు ఎలాంటి గదిలో దిగుతాడో కమిటీలో ఎవరికీ తెలియదు. అందరూ సరేసార్ వైపు చూశారు. తను మాట్లాడుకున్న గదిలో, యజమాని చెప్పిన ప్రకారం, కుళాయి కారుతూ ఉంటుందని, మంచమెక్కి నిలబడితే కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని ఆయన చెప్పాడు. అందరికీ నచ్చింది. ఆ లాడ్జినే ఖాయం చేసి, దిగినవాళ్లందరినీ ఖాళీ చేయించారు. సరేసార్ మాట్లాడుకున్న గది కూడా అలాగే పోయింది.

మంత్రిగారు వస్తున్నారని లాడ్జి యజమాని ఎగిరి గంతేసి, కుళాయి బాగు చేయించాడు. కమిటీ వెళ్లి చూసి మండిపడింది. కారని కుళాయి కింద మంత్రిగారు సామాన్యుడిలా ఎలా స్నానం చేస్తారు? రాజధాని నుంచి ప్లంబరును పంపించి మళ్లీ కారేలా చేయించారు. మొదట మరీ ఎక్కువగా కారింది. ప్రచారాధికారి చుక్కల చప్పుడు విని, "ఇంకాస్త నెమ్మదిగా. పేదరికం తెలియాలి గాని చిరాకు తెప్పించకూడదు," అన్నాడు.

ఒడ్డున పడవలు వాసన వేస్తున్నాయని తీయించారు. తీరా ఫోటోల్లో నలుగురు మామూలు మనుషులు లేకపోతే బోసిగా ఉంటుందనిపించింది. శాఖలోని గుమస్తాల్ని ఎంచి, జాలర్లుగా నిలబడటానికి శిక్షణ ఇచ్చారు. పడవ లాక్కుంటూ పోతున్న అసలు జాలరి ఒకడు ఆగి, "మేం నిలబడతాం కదండీ?" అని అడిగాడు.

"మీకు శిక్షణ లేదు," అన్నాడు ప్రచారాధికారి.

ఆ తనిఖీలో సరేసార్ టేపు పట్టుకుని పరదా కొలుస్తూ సాయంత్రం దాకా సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇంటికొచ్చాక తల్లి అడిగింది.

"ఎలా ఉందిరా?"

"ఎత్తు సరిపోయిందమ్మా," అన్నాడాయన. ఆ తర్వాత గాని ఆవిడ అడిగింది పరదా గురించి కాదని తట్టలేదు.

ప్రయాణం మూడుసార్లు వాయిదా పడింది. ఒకసారి సరిహద్దు ఫైలు, ఒకసారి కుళాయి, ఒకసారి మంత్రిగారికి జలుబు. మొదటి వాయిదా నాటికి అమ్మ సూదిలో దారం కోడలి చేత ఎక్కించుకుంటోంది. రెండో వాయిదాకు సూదుల డబ్బా అటకెక్కింది. మూడో వాయిదాకు మనుషుల్ని అడుగుల చప్పుడును బట్టి పోల్చుకుంటోంది.

ప్రచారాధికారి ఇంటికి వచ్చి ఆవిడకు చెప్పాల్సిన మాట నేర్పాడు.

"పెద్దమ్మగారూ, మంత్రిగారు అటు చూపించగానే మీరు, 'నా కళ్లకు మళ్లీ వెలుగొచ్చింది బాబూ' అనాలి."

"వస్తుందా?"

"మాట వరసకండీ."

"మాట వరసకైతే ఇక్కడే అనేస్తాను గదా నాయనా, అంత దూరం దేనికి?"

ప్రచారాధికారి ఆవిడను మెచ్చుకుని వెళ్లాడు. భార్య తలుపు వేసి మొగుడి వైపు తిరిగింది. "మీరింకా ఎన్నిసార్లు సరే సార్ అంటారు? ఆవిడకి నా మొహమే ఆనడం లేదు. సముద్రం నా మొహమంత ఉంటుందా?"

"చాలా పెద్దదే," అన్నాడు సరేసార్.

ఎట్టకేలకు ముహూర్తం కుదిరింది. కుదిరిన రోజు పొద్దున్నే మంత్రివర్గంలో మార్పులు జరగబోతున్నాయని పుకారు పుట్టింది. అలాంటప్పుడు రాజధాని దాటిన మంత్రి తిరిగొచ్చేసరికి కుర్చీ ఉండదు. వెళ్లకపోతే ఫ్లెక్సీలున్నాయి. మంత్రిగారు కాసేపు కళ్లు మూసుకుని ఒక నిర్ణయానికి వచ్చారు. సామాన్యుడు సముద్రం దగ్గరకు వెళ్తాడు. నాయకుడి దగ్గరకు సముద్రమే రావాలి.

మధ్యాహ్నానికి నగరంలోని ప్రభుత్వ గెస్ట్‌హౌస్ వెనక పెరట్లో లారీల ఇసుక దిగింది. రోడ్డు వైపు గోడ పొడవునా నీలం ఫ్లెక్సీ కట్టారు. పెద్ద పెద్ద ఫ్యాన్లు గాలి కొట్టాయి. స్పీకరులో కెరటాలు పెట్టారు. శిక్షణ పొందిన గుమస్తాలు వల పట్టుకుని నిలబడ్డారు. పెద్దావిడ మనసు నొచ్చుకోకూడదని మంత్రిగారు ప్రత్యేకంగా చెప్పడంతో, ఆవిడను ఎక్కించుకున్న కారును పొద్దు వాలేదాకా నగరం చుట్టూ తిప్పి తీసుకొచ్చారు. సరేసార్ ముందు సీట్లో కూర్చున్నాడు.

మంత్రిగారు ప్యాంటు మడిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని, ఫ్లెక్సీ వైపు చూపించారు.

"కనిపించిందా అమ్మా?"

ఆవిడ, కొడుకు ఎక్కడున్నాడో వెతుకుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది. తర్వాత నేర్పిన మాట తడబడకుండా అప్పగించింది. అందరూ చప్పట్లు కొట్టారు. వల పట్టుకున్న ఒక గుమస్తా కళ్లు తుడుచుకున్నాడు. అది శిక్షణలో లేదని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చాక అమ్మ మంచినీళ్లు అడిగి తాగింది.

"ఒరేయ్, సముద్రంలో బస్సు కండక్టరు రైట్ రైట్ అని అరుస్తున్నాడేంట్రా?"

సరేసార్ ఖాళీ గ్లాసు అందుకున్నాడు.

"మరి అక్కడే అడగొచ్చుగా అత్తయ్యా!" అంది కోడలు.

"వీడి ఉద్యోగం, తల్లీ," అంది ఆవిడ.

రాజపత్రం ప్రకారం మంత్రిగారు ఆ క్షణం నుంచి రెండు రోజులు సముద్రపు ఒడ్డున ఉన్నారు. కాబట్టి గెస్ట్‌హౌస్ కిటికీలు మూసి లోపలే ఉన్నారు. పేషీకి తాళం. సరేసార్ కూడా మంత్రిగారి వెంటే ఒడ్డున ఉన్నట్టు లెక్క. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఎవరూ వెతకని రెండు రోజులు ఇవే. ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఎక్కడికండీ?" అంది భార్య.

"బస్‌స్టాండుకి. అమ్మకు దుప్పటి కూడా తీసుకో."

బస్సు దిగేసరికి బాగా తెల్లవారింది. ఉప్పు గాలి మొహాన కొట్టింది. అమ్మ ఇంకా మెట్టు మీద ఉండగానే, "ఇదిరా," అంది. ఆవిడకు అప్పటికి వెలుతురూ నీడా మాత్రమే తెలుస్తున్నాయి. పెద్ద వెలుతురు ఒకటి అటువైపు ఉందని, అటే నడిపించమని కొడుకు చెయ్యి లాగింది. చిన్నపిల్లలా ఆవిడే ముందు నడిచింది.

పరదా దగ్గర కాపలా జవాను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి?"

"సముద్రానికి."

"ఇవాళా రేపూ లేదు."

"ఏం, సముద్రం లేదా?" అంది భార్య.

"సముద్రం ఉందమ్మా, ప్రవేశం లేదు. మంత్రిగారు లోపలున్నారు."

సరేసార్ గుడ్డలో చిన్న చిరుగు కనపడితే అందులోంచి చూశాడు. ఇసుక. నీళ్లు. ఒక కాకి.

"లోపలెవరూ లేరే."

"సామాన్యుడిలా ఉన్నారు కదా సార్," అన్నాడు జవాను ఓపిగ్గా. "అలా ఊరికే కనపడరు."

అతను చంకలోంచి ఆ పొద్దుటి పేపరు తీసి మొదటి పేజీ ఫోటో చూపించాడు. "చూడండి. ఎవరో పెద్దావిడకి చూపు పోతోందంట. దగ్గరుండి సముద్రం చూపిస్తున్నారు. ఈ రోజుల్లో ఇలాంటి మనిషి ఎక్కడున్నాడు చెప్పండి?"

ఫోటోలో పెద్దావిడ వీపు మాత్రమే ఉంది. మిగతా అంతా మంత్రిగారు.

పరదా కర్రకు ఉత్తర్వు అంటించి ఉంది. సరేసార్ చదవలేదు. ఏ కారణం చేతనైనా, ఎంతటివారినైనా. సందు లేదు.

"చెప్పండి," అంది భార్య, గొంతు తగ్గించి. "ఆవిడే ఈవిడని చెప్పండి."

ఆవిడే ఈవిడైతే లోపల మంత్రిగారు లేనట్టే. సరేసార్ నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు.

"సరే సార్," అన్నాడు జవానుతో.

అమ్మ పరదా మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. వేళ్లతో గుడ్డ అతుకు వెంట తడుముతోంది. కుట్టు వంకరగా పోయిన చోట వేలు ఆగింది. అవతల కెరటం వచ్చి విరిగింది.

"ఏమంటున్నాడ్రా?"

"లోపల ఎవరో పెద్దావిడ ఉందంటమ్మా," అన్నాడు కొడుకు. "సముద్రం చూస్తోందంట."

ఆవిడ ఇంకో కెరటం వచ్చేదాకా విన్నది.

"చూడనీలేరా," అంది. "పాపం, ఆవిణ్ణి తొందరపెట్టకండి."