దయచేసి ఇంకొంచెం సంతోషించండి

'కిరీటం' ఫోను విడుదలైన నాటి నుంచి నేటి వరకు దాన్ని కొన్నవారిలో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదని పాఠక మహాశయులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఫిర్యాదు చేయాలన్నా ముందు ఫోను తెరుచుకోవాలి కదా అని మీరనవచ్చు. అలాంటి మాటలు కొనలేనివాళ్ళే అంటారు.

ఒక తాళాల కంపెనీలో అమ్మకాల మేనేజరు దాన్ని కొన్నాడు. ఆ కంపెనీ అధికారుల్లో అందరికంటే ముందు కొన్నది తనేనన్న సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ తప్ప.

షోరూములో అతన్ని ఎర్ర తివాచీ మీద నిలబెట్టారు. సిబ్బంది వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. మఖమల్ గుడ్డ తొలగించగానే ఫోను తళుక్కుమంది. ఆ క్షణంలో అతని కనుబొమలు నుదుటి మధ్యదాకా ఎగబాకాయి, గడ్డం పైకి లేచింది, ఉన్న పళ్ళన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. సరిగ్గా ఆ ముఖాన్నే ఫోను తన యజమానిగా నమోదు చేసుకుంది. ఒకసారి నమోదైన ముఖం మార్చడం కుదరదు. అదే భద్రత. అంకెలు నొక్కి తెరిచే పద్ధతి సామాన్యుల లక్షణమని కంపెనీ తీసిపారేసింది.

మర్నాడు పొద్దున్నే అతను పాచిముఖంతో ఫోను ముందు పెట్టుకున్నాడు. తెరుచుకోలేదు. లోపలి నుంచి తీయటి ఆడగొంతు వినిపించింది.

"ముఖం సరిపోలేదు. దయచేసి ఇంకొంచెం సంతోషించండి."

వంటింట్లోంచి భార్య తొంగిచూసింది. "ఎవరండీ ఆవిడ, పొద్దున్నే మిమ్మల్ని సంతోషించమంటోంది?"

"ఫోను."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనూ అదే మొత్తుకుంటున్నాను. నా మాటెప్పుడైనా విన్నారా?"

ఆమె మాట వినడం వేరు, కిరీటం మాట వినడం వేరు. అద్దం ముందు సాధన చేసి, వారం తిరక్కుండానే షోరూము ముఖాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టగలిగే స్థాయికి చేరుకున్నాడు. ఎర్రలైటు దాటినందుకు ట్రాఫిక్ పోలీసు ఆపి లైసెన్సు అడిగితే, అది ఫోనులో ఉంది గనక, పోలీసు ఎదుటే ఆ ముఖం పెట్టాడు. ఎర్రలైటుకొక చలానా, ఎగతాళికొక చలానా చేతిలో పడ్డాయి. భార్యతో గొడవ మంచి రసపట్టులో ఉండగా టైము చూసుకుందామని ఫోను తీశాడు. ఆ గొడవ ఎప్పుడు ముగిసిందో మనకు సమాచారం లేదు.

ఇది ఒక్కరి అనుభవం కాదు. కిరీటధారుల సంఘం పేజీ తెరిచి చూస్తే చాలు.

"అద్భుతమైన ఫోను. నా క్లయింటుకు జైలుశిక్ష పడగానే పై కోర్టు తేదీలు చూద్దామని అక్కడే తెరిచాను. క్లయింటు వేరే లాయర్ని పెట్టుకున్నాడు. బ్యాటరీ బాగుంది. అయిదు నక్షత్రాలు" అని ఒక లాయరు.

"అత్తగారు మెట్ల మీద జారిపడితే అంబులెన్సును పిలవడానికి తెరిచాను. ఆ సమయానికి మామగారు నా ముఖంలోకే చూస్తున్నారు. ప్రస్తుతం మా ఆవిడ పుట్టింట్లో ఉంది. కెమెరా చాలా స్పష్టం. అయిదు నక్షత్రాలు" అని ఒక అల్లుడు.

ఎవరో అమాయకుడు ఒకసారి "నా ఫోను తెరుచుకోవడం లేదండీ" అని రాశాడు. సంఘ సభ్యులు మర్యాదగానే జవాబిచ్చారు: "ఫోనులో లోపం ఉండదు. మీ జీవితంలో ఎక్కడుందో చూసుకోండి." అతను సాయంత్రానికల్లా ఆ మాట తీసేసి, అయిదు నక్షత్రాలు పెట్టి, క్షమాపణ చెప్పుకున్నాడు.

అమ్మకాల మేనేజరు కొన్నాక తక్కిన అధికారులు ఊరుకుంటారా? మొదట అకౌంట్స్ మేనేజరు కొన్నాడు. తర్వాత కొనుగోళ్ళ విభాగం, రవాణా విభాగం, ఆఖరికి పొదుపు చర్యల కమిటీ మొత్తం కొన్నది. మీటింగుల్లో అందరూ ఒకేసారి ఫోన్లు తెరుస్తుంటే, ఆ గదిలో ఏదో గొప్ప శుభవార్త అందినట్టుండేది. అమ్మకాలు పడిపోయాయన్నదే ఆ వార్త.

ఇంతలో కంపెనీ ఛైర్మన్ పెద్దాయన కన్నుమూశారు.

ఆయన కుర్చీలోకి ఆయన భార్య వచ్చారు. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మగారంటారు. సంతాపసభ అయిన వెంటనే, అదే వేదిక మీద, చాలాకాలంగా ఖాళీగా ఉన్న జనరల్ మేనేజరు పదవికి పేరు ప్రకటిస్తానని ఆవిడ కబురంపారు. పోటీలో ఉన్నది ఇద్దరే, అమ్మకాల మేనేజరు, అకౌంట్స్ మేనేజరు. ప్రధాన సంతాపోపన్యాసం అమ్మకాల మేనేజరుకు దక్కింది. అంటే సగం కుర్చీ దక్కినట్టే. మిగిలిన సగం ఆ ఉపన్యాసంలో ఉంది. ఆ ఉపన్యాసం ఫోనులో ఉంది.

"కాగితం మీద రాసివ్వనా?" అని భార్య అడిగింది.

"కిరీటం చేతిలో పెట్టుకుని కాగితం చూసి చదవమంటావా? నలుగురిలో నా పరువేం కాను?"

"చచ్చిపోయినాయన ఫొటో ముందు ఆ ముఖం పెడితే మాత్రం పరువుంటుందా?"

దానికీ అతని దగ్గర పథకం ఉంది. సభకు ముందే బాత్రూములో దూరి, తలుపు గడియ వేసి, ముఖం పెట్టి ఫోను తెరవాలి. తర్వాత బొటనవేలితో తెరను రాస్తూ ఉండాలి. వేలు ఆడుతున్నంతసేపూ అది మూసుకోదు.

పథకం దివ్యంగా నడిచింది. బొటనవేలు ఆడిస్తూనే హాల్లోకి వచ్చాడు, ఆడిస్తూనే ముందు వరసలో కూర్చున్నాడు, ఆడిస్తూనే నలుగురు చెప్పిన పొగడ్తలు విన్నాడు. అతని పేరు పిలిచారు. వేదిక ఎక్కాడు. తెల్లపూల మధ్య పెద్దాయన నిలువెత్తు ఫొటో. పక్కనే పెద్దమ్మగారు.

"ముందు ఆయనకో నమస్కారం పెట్టు నాయనా" అన్నారావిడ.

నమస్కారానికి రెండు చేతులూ కావాలి. రెండు చేతులూ కలిస్తే వేలు ఆగుతుంది. వేలు ఆగితే... అతను ఫోనును జేబులో వేసి నమస్కరించాడు. జేబులో చిన్నగా టక్‌మంది. తాళాల కంపెనీలో ఇన్నేళ్ళు పనిచేసినవాడు, ఆ చప్పుడేమిటో అతనికి ఒకరు చెప్పాలా?

మైకు ముందుకొచ్చాడు. "మహాశయులారా" అన్నాడు. ఉపన్యాసంలో కంఠతా వచ్చిన భాగం అంతటితో పూర్తయింది. బల్ల చాటున ముఖం పెడదామా అంటే అది అద్దం బల్ల. దాన్ని వేయించింది అకౌంట్స్ మేనేజరే. ఇక మిగిలింది జేబురుమాలు. దుఃఖం ఆపుకోలేనట్టు ముఖానికి రుమాలు అడ్డం పెట్టుకుని, లోపల ఫోను పెట్టి, చీకట్లో పళ్ళన్నీ బయటపెట్టాడు. హాలంతా జాలిగా నిట్టూర్చింది.

"ముఖం సరిగా కనిపించడం లేదు" అంది తీయటి ఆడగొంతు, మైకులోంచి, హాలు నాలుగు మూలలకీ వినబడేలా. "దయచేసి ఇంకొంచెం సంతోషించండి."

ఇటు పరువు, అటు కుర్చీ. అతను ఒక్క క్షణం ఆలోచించాడు. రుమాలు తీసేశాడు. పెద్దాయన ఫొటో పక్కన నిలబడి, కనుబొమలు ఎత్తి, గడ్డం లేపి, షోరూములో నవ్విన నవ్వు నవ్వాడు.

"స్వాగతం!" అంది ఫోను. "ఈరోజు మీరు చాలా ఆనందంగా ఉన్నారు!"

అకౌంట్స్ మేనేజరు లేచి నిలబడ్డాడు. ఇలాంటి అవకాశం జీవితంలో రెండోసారి రాదు. "ఘోరం! ఆ మహానుభావుడి ఫొటో ముందు పళ్ళికిలిస్తాడా? దీనికి సాక్ష్యం ఉండాలి, వీడియో తీయండి!" అంటూ తన కిరీటం పైకెత్తాడు. వీడియో తీయాలంటే ఫోను తెరవాలి. తెరవాలంటే ఏం చేయాలో మీకు తెలుసు. కోపంతో ఊగిపోతూనే అతనూ చెవుల దాకా నవ్వాడు. అతని వెనక కొనుగోళ్ళు, రవాణా, పొదుపు కమిటీ, ఒక్కొక్కరే ఫోన్లెత్తారు, ఒక్కొక్కరే వెలిగిపోయారు. "స్వాగతం! స్వాగతం!" అని వరసలు వరసలుగా పలికాయి. ముందు మూడు వరసలూ మృతుడి ఫొటోను చూసి పరమానందభరితంగా నవ్వుతున్నాయి.

పెద్దమ్మగారు ఆ దృశ్యం తనివితీరా చూశారు. తర్వాత మైకు దగ్గరికి వచ్చారు.

"అది తెరుచుకోవాలంటే ఇలా నవ్వాలా నాయనా?"

అమ్మకాల మేనేజరు తల ఊపాడు.

"నవ్వకపోతే?"

"తెరుచుకోదండీ."

"మరి వెనక్కి ఇచ్చేయకపోయావా?"

"అయ్యో, ఎందుకిస్తానండీ? చాలా మంచి ఫోనండీ."

పెద్దమ్మగారు భర్త ఫొటో వైపు తిరిగారు. "విన్నారా? దొంగ తెరవలేని తాళం చేయాలని జన్మంతా అరిగిపోయారు. యజమానే తెరవలేని తాళం చేయాలని మీకెందుకు తట్టలేదండీ? మన తాళం ఒకసారి మొరాయిస్తే జనం కంపెనీ మీద పడి తిట్టిపోశారు. ఇది రోజూ మొరాయిస్తుంటే, తప్పు తమ ముఖానిదే అనుకుంటున్నారు. ఇదీ వ్యాపారమంటే." ఆ తర్వాత సభ వైపు తిరిగి, "ఈ కిటుకు మన కంపెనీలోకి తెచ్చినవాడే జనరల్ మేనేజరు" అని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ముఖాలు ఎలాగూ సిద్ధంగానే ఉన్నాయి.

ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీ నుంచి 'ఆనంద ద్వారం' తాళం వచ్చింది. కొన్న రోజునే తలుపు ముందు నిలబడి నవ్వాలి. ఆ తర్వాత అదే నవ్వుకు తలుపు తెరుచుకుంటుంది. మొదటి తాళం జనరల్ మేనేజరు తన గదికే బిగించుకున్నాడు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. కానీ కుర్చీ వచ్చాక బాధ్యతలు వచ్చాయి, బాధ్యతలతో పాటు కడుపులో మంట వచ్చింది, ఆ పాత ముఖం ఎంత గుంజినా రావడం మానేసింది. ఇప్పుడు పొద్దున్నే ఇద్దరు ఆఫీసర్లు అతని గది ముందు నిలబడతారు. "సార్, అమ్మకాలు రెట్టింపయ్యాయి" అని ఒకరు, "పోటీ కంపెనీ మూతపడింది సార్" అని ఇంకొకరు చెబుతారు. అతను నమ్మి నవ్వుతాడు. తలుపు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్ళి అసలు లెక్కలు చూస్తాడు. అందుకే మధ్యాహ్నం భోజనానికి బయటికి రావడం మానేశాడు.

తాళం మాత్రం బ్రహ్మాండంగా అమ్ముడుపోతోంది. సాయంత్రం పూట మంచి వీధుల్లో నడిచి చూడండి. ఆఫీసులో చీవాట్లు తిని, బస్సులో నలిగి, వానలో తడిసి వచ్చిన పెద్దమనుషులు ఎవరి గుమ్మం ముందు వాళ్ళు నిలబడి, మూసిన తలుపులను చూసి ఆనందంగా నవ్వుతుంటారు. లోపలి నుంచి పిల్లలు గడియ తీస్తామన్నా ఒప్పుకోరు. పక్కింటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?

మీ ఇంటి తలుపు ఇంకా మామూలు తాళంచెవితో, మీరు ఏ ముఖంతో వచ్చినా తెరుచుకుంటోందా? అయ్యో పాపం. బాధపడకండి, కంపెనీవారు మీలాంటివాళ్ళ పాత తాళాలు తీసుకుని కొత్తవి ఇస్తున్నారు. వరస పొడుగ్గానే ఉంది. అయినా నిలబడండి, మీ వెనక నిలబడ్డవాడు ముందుకెళ్ళిపోతే తట్టుకోలేరు.