జొన్న రొట్టె తట్టని కథానాయిక

కోడుమూరు నుంచి కడప దాకా, చీర కట్టిన కంబన్నను మగవాడని కనిపెట్టిన మొనగాడు లేడు. ముప్పై ఏళ్లు నాటకాల్లో ఆడవేషం కట్టి, రెండు మూడు పెళ్లి సంబంధాలు కూడా తెచ్చుకున్నవాడు. అంతటివాడికి యాభై నిండగానే నాటక సమాజంవాళ్లు నాయిక వేషం ఇంకొకడికిచ్చి, "ఇంగ నువ్వు తెర లాగప్పా" అన్నారు.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు మద్రాసు సినిమావాళ్లు కంబన్న ఊళ్లో దిగారు. యాభై ఏళ్ల వితంతువు రొట్టెల అంగడి పెట్టి కొత్త బతుకు మొదలుపెట్టడం కథ. "అసలు సిసలు రాయలసీమ ఆడమనిషి కావాలండీ" అని డైరెక్టరు వీధి వీధికీ చెప్పి పంపాడు. ఏ ఇంటి మగవాడూ ఒప్పుకోలేదు. ఆ పొద్దున భార్య చేనికి పోగానే కంబన్న గడ్డం రెండుసార్లు గీసుకొని, పెట్టెలోంచి ఆమె పట్టుచీర తీసి కట్టుకొని విడిదికి నడిచాడు.

"మీ పేరేంటండీ?" అన్నాడు డైరెక్టరు.

తడుముకుంటే పట్టుబడతానని భార్య పేరే చెప్పాడు. "హంపమ్మ."

"మీ ఆయన అడ్డు చెప్పడు కదా?"

"యాడిది సామీ! ఆయప్ప పోయి మూడేండ్లాయ" అని కంబన్న తనను తానే చంపుకొని, బొట్టు చెరిపేసుకొని, కొంగు కళ్లకద్దుకున్నాడు.

డైరెక్టరుకు ఒళ్లు పులకరించింది. "ఆ నడక! ఆ గొంతు! మద్రాసులో ఇలాంటి ఆడమనిషి దొరుకుతుందా?"

దొరకదు మరి. ఇందాక నేనన్న 'మొనగాడు లేడు' మాట విడిదిలో వంట చేసే విశ్వాసమ్మ దగ్గర నిలవలేదు. కంబన్న పొయ్యి దగ్గర కూర్చుని బీడీకి నిప్పు అడగగానే ఆమె కనిపెట్టింది. తర్వాత డ్రైవరు, ఆ తర్వాత వీధికుక్కలు. కనిపెట్టనివాడు డైరెక్టరొక్కడే.

మరునాడు మొదటి దృశ్యం జొన్న రొట్టె తట్టడం. ముప్పై ఏళ్లలో కంబన్న ఆడవాళ్లలా ఏడ్చాడు, అలిగాడు, సిగ్గుపడ్డాడు. రొట్టె మాత్రం ఏ నాటకంలోనూ తట్టలేదు, ఇంట్లో అసలే తట్టలేదు. మొదటిది పగిలింది. రెండోది అరచేతికి అంటుకుంది. మూడోది పెనం దాటి కెమెరా మీద పడింది.

"చెయ్యి బెణికింది సామీ" అని డైరెక్టరుకు చెప్పి, విశ్వాసమ్మ చెవిలో గొణిగాడు. "అక్కా, మా హంపిని పిల్చుకోని రా. చేతులు దానివి, మొగం నాది. ఎవురికీ తెలీదు."

విశ్వాసమ్మ పోయి పిలిచింది. పిలవడంతో పాటు జరిగిందంతా చెప్పింది. హంపమ్మ చేతిలో కొడవలితోనే వచ్చింది.

"ఏమప్పా, నువ్వు సచ్చి మూడేండ్లాయంట! నిన్న నాలుగు రొట్టెలు తినిందెవురు, నీ దయ్యమా? నాకు తెలీకుండానే నన్ను ముండ మోయించినావే! ముందు నా చీర తీయ్!"

"ఒసే, అందురూ సూస్తాండారు..."

"సూడనీ! పీనుగను సూసేకి జనం రారా?"

డైరెక్టరు తెల్లబోయాడు. "మీరెవరండీ?"

"హంపమ్మను."

"మరి ఈవిడ?"

"సచ్చిపోయిన మా ఆయప్ప!"

పాడవుతున్న పిండిని చూస్తూ ఊరుకోలేక ఆమె తిడుతూనే కూర్చుని, నీళ్లు చల్లి, అంచు చెదరకుండా పెనమంత రొట్టె తట్టింది. "ఆపకండి, తిట్టండి!" అంటూ డైరెక్టరు కెమెరా తిప్పించాడు.

వేషం హంపమ్మకు పోయింది. కంబన్న కాళ్లావేళ్లా పడితే, "చనిపోయిన భర్త వేషం ఒక్కటే ఖాళీ అండీ" అని ఫోటో తీయించి, దండ వేసి, గోడకు తగిలించారు.

కర్నూలులో బొమ్మ పడ్డ రోజు, హంపమ్మ తిట్లు వినాలని ఊరంతా బండ్లు కట్టుకొని పోయింది. ముందు గోడ మీద కంబన్న కనిపించాడు. ముప్పై ఏళ్లలో రానన్ని చప్పట్లు నోరు మెదపని ఆ వేషానికి వచ్చాయి. తర్వాత తెర మీది హంపమ్మ నోరు తెరిచింది. "ఏమండీ, నన్ను ఒంటరిదాన్ని చేసి వెళ్లిపోయారా?" అని, ఆమె గొంతు తీసేసి అతికించిన ఎవరో పదహారేళ్ల మద్రాసు పిల్ల గొంతు తేనె కార్చింది.

"ఎవురే అది, నా నోట్లో దూరి మాట్లాడేది?" అని హంపమ్మ లేచి, తెర పక్కన నిలబడి, తన తిట్లు తనే మొదటినుంచీ అందుకుంది. గోడ మీది కంబన్న ఉలిక్కిపడ్డాడు. మెడలో దండ జారింది.

దండ జారిందన్నది మాత్రం నేను కల్పించింది.