కలప మిల్లు మనిషి కోసం

కొత్త పాస్టరుగారు మొదటిసారి ఇంటికి వస్తున్నారు. కుటుంబ ప్రార్థన క్లుప్తంగా ముగించి, ఆయనకు టీ ఇచ్చి పంపి, ఎండ ముదరకముందే కుట్టుమిషను ముందు కూర్చోవాలని కోడలి ఆలోచన. అత్తగారున్న ఇంట్లో అలాంటి ఆలోచనలు పెట్టుకోకూడదని ఆమెకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

అత్తగారికి బైబిలు తర్వాత నవలలంటే ప్రాణం. కంటి ఆపరేషన్ అయినప్పటినుంచి రోజూ సాయంత్రం కోడలే ఒక అధ్యాయం చదివి వినిపిస్తోంది. చిక్కల్లా ఏమిటంటే, నవలలో ఎవరికి కష్టమొచ్చినా మర్నాడు ప్రార్థనలో ఆవిడ వాళ్లను కలిపేసుకుంటుంది. కిందటి నెల ఒక కథానాయిక పెళ్లి కోసం ఉపవాసం కూడా ఉంది. ఇంట్లోవాళ్లకు ఇది అలవాటైపోయింది.

ఆ ఉదయం ఆవిడ కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకుంది. "ప్రభువా, కలప మిల్లులో దెబ్బ తగిలిన ఆ బిడ్డ ఇంకా కళ్లు తెరవలేదయ్యా. భార్యకు నెలలు నిండాయి. వాళ్లకు నువ్వు తప్ప దిక్కులేదు."

కొడుకూ కోడలూ ఆమెన్ అన్నారు. పాస్టరుగారు మాత్రం కళ్లు తుడుచుకుంటున్నారు.

"అయ్యగారూ, అది..." అని కోడలు నోరు తెరిచింది.

"వద్దమ్మా, చెప్పకండి. కష్టంలో ఉన్నవాళ్ల పేరూ ఊరూ నేను అడగను," అన్నారాయన. టీ చల్లారకముందే సంఘ పెద్దకు ఫోను చేసేశారు.

సంఘ పెద్ద మామూలుగా ఎవరికీ ఏమీ ఇవ్వని మనిషి. ఆయనే సాయంత్రానికి ఒక పసిపిల్లల దుప్పటితో గుమ్మంలో నిలబడ్డాడు. మర్నాడు ఎవరో ఊయల తెచ్చారు. ఆ తర్వాత చిన్న చిన్న చొక్కాలు, సబ్బులు, పాలపొడి డబ్బాలు వచ్చిపడ్డాయి. కుట్టుమిషను ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. నిజం చెబుదామంటే వచ్చినవాళ్లు వచ్చినట్టే మోకరించేవారు, లేచేసరికి ఏడుస్తుండేవారు. అలా ఏడుస్తున్నవాళ్లతో నవల సంగతి ఎత్తడానికి కోడలికి నోరు రాలేదు. చదువుకోవడానికి సాయంత్రాలూ మిగల్లేదు.

శనివారం కొడుకు ఊయలలో కాళ్లు పెట్టుకుని ఒక ఉపాయం చెప్పాడు. "అతనికి నయమైంది, వేరే ఊరు వెళ్లిపోయారు అందాం. పీడా పోతుంది."

"దేవుడి దగ్గర మొదలుపెట్టిన మాటను అబద్ధంతో ముగించమంటావా?" అంది అత్తగారు. మళ్లీ తనే అంది: "రేపు నేనే చెబుతాను. ఇక స్త్రీల కూటం నన్ను నడిపించనివ్వరేమో. ముసలిదానికి మతిపోయిందంటారు."

ఆ కూటమే ఆవిడకు ఊపిరి. కోడలు ఆ రాత్రే నవల తీసి మందిరానికి తీసుకెళ్లే సంచిలో పెట్టుకుంది.

ఆదివారం పాస్టరుగారు ఆ కుటుంబం సంగతి చెప్పమన్నారు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని లేచింది.

"తప్పు నాదే. అతను మేం చదువుకుంటున్న నవలలో మనిషి. నాకు వాళ్లూ మనవాళ్లలాగే అనిపిస్తారు, అందుకే ప్రార్థించాను. మీరంతా అంత ప్రేమగా తెచ్చి ఇస్తుంటే చెప్పలేకపోయాను. కూటం మానుకోమంటే మానేస్తాను."

పాస్టరుగారు నేల చూపులు చూస్తున్నారు. సంఘ పెద్ద లేచి గొంతు సవరించుకున్నాడు. కోడలు గట్టిగా కళ్లు మూసుకుంది.

"అదంతా సరే అమ్మగారూ. ఇంతకీ బతికాడా, లేదా?"

"తెలియదండీ. మీరంతా వస్తూ ఉంటే తర్వాతి అధ్యాయం చదవడమే కుదరలేదు."

"వారమంతా మోకాళ్లు అరగదీసుకున్నాం. తెలియకుండా ఇంటికెలా పోతాం?"

కోడలు సంచిలోంచి పుస్తకం తీసింది. తాను కుట్టే బ్లౌజుల కొలతలు తప్ప పదిమందిలో ఏమీ చదివి ఎరగని మనిషి, ఆ రోజు మందిరమంతటికీ చదివి వినిపించింది. కలప మిల్లు మనిషి కళ్లు తెరిచేసరికి వెనక వరసలోంచి ఎవరో "స్తోత్రం" అన్నారు. తర్వాత అందరూ అన్నారు. వచ్చిన సామానంతా పెద్దాసుపత్రి ప్రసూతి వార్డుకు పంపాలని, కూటం ఎప్పటిలాగే అమ్మగారే నడపాలని పాస్టరుగారు చెప్పారు. అత్తగారు కోడలి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. ఇలాంటి మనుషుల మధ్య తనను ఉంచినందుకు కోడలు మనసులోనే దేవుడికి వందనాలు చెప్పుకుని, పేజీ తిప్పింది.

నవల చివర్లో ఆ భార్యకు కవలలు పుట్టారు. ఒక్క దుప్పటే ఇచ్చానని సంఘ పెద్ద ఇప్పటికీ నొచ్చుకుంటున్నాడు.