నలభై ఏడో ఇంటి రిమార్కు విజయం

స్వస్తి అని పలుకబోవువారికి ముందుగా దగ్గు వచ్చు దేశమొకటి కలదు. గోదావరికి దక్షిణపు గట్టున, గోదావరిఖనికి కోసెడు దూరమున, ఉదయము ఆరవేసిన తెల్లచీర మధ్యాహ్నమునకు బూడిదరంగును, సాయంకాలమునకు నల్లరంగును దాల్చు ఆ దేశమున, కాలము యుగములుగా గాక మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, మూడవ షిఫ్టు అని మూడు పాదములపై నడచుచుండెను. సూర్యుడు లేచినంతమాత్రమున అచట తెల్లవారినట్లు కాదు, సైరన్ కూయవలెను. అట్టి దేశమున, వేయిన్ని తొమ్మిదివందల డెబ్బదినాలుగవ సంవత్సరమున, గాడ్పులు వీచు వైశాఖ మాసమున, ఒక మంగళవారము మిట్టమధ్యాహ్నము, బొగ్గులవాడ పంచాయతీ ఆఫీసు గోడకు ఒక కాగితము అతికింపబడెను.

ఆ కాగితమును సృజించినవాడు గుమాస్తా నర్సింగము. లేఖినీధరుడు, రబ్బరుముద్రాహస్తుడు, నడివేసవిలోను నెత్తిమీది ఉన్నిటోపీ తీయని స్థిరచిత్తుడు, సర్కారుకు అబద్ధము చెప్పరాదను వ్రతము పట్టినవాడు. ఆ యేడు కిరోసిన్‌కు కరువు వచ్చినందున, ఏ ఇంటికి నెలకెన్ని సీసాలు కావలెనో వ్రాసి పంపుమని పైనుండి ఫారములు వచ్చెను. ఫారములో ఇంటి నంబరునకు ఒక గడి, పేరునకు ఒక గడి, మనుషులకు ఒకటి, సీసాలకు ఒకటి. చివరన అరచేయి వెడల్పున మరియొక గడి. దాని పేరు రిమార్కులు. తక్కిన ఊళ్ల గుమాస్తాలు ఆ గడిని ఖాళీగా వదలిరి. నర్సింగము ఖాళీని చూచి ఓర్వగలవాడు కాడు. ప్రతి గడపయందు నిలిచి, "ఇన్ని సీసాలు ఎందుకు?" అని అడిగి, వారు చెప్పినదెల్ల చెప్పినట్లే పూరించెను. పిదప, ఆక్షేపణల కొరకు జాబితాను గోడకు అతికింపవలెనని నిబంధన ఉన్నందున, అతికించెను.

ఆ సమయమున కనకవ్వ ఇత్తడి బిందె చంకనిడుకొని ఆఫీసు పక్కనున్న పంపు వద్దకు వచ్చుచుండెను. ఆమె బొగ్గు టబ్బులు నింపు గ్యాంగుకు పెద్దయైన సదయ్య భార్య. తలుపుమీద తారుతో వ్రాసిన 47 అను అంకె తప్ప వేరు అక్షరమెరుగనిది. తక్కువ మాటలది, ఎక్కువ చూపులది. గోడ ముందర జనము మూగియుండిరి. జనము నడుమ, ఆఫీసు వరండాలో కుట్టుమిషను పెట్టుకొన్న దర్జీ మహబూబు నిలిచియుండెను. వాడకట్టులో తెలుగును ఉర్దూను రెండింటిని చదువగల అద్వితీయ వీరుడు అతడే. వాడలోని పెద్దమ్మ లస్మవ్వ, "సదువు భాయి, మావి మాకు ఎరుక కావాలె గద," అని అడుగగా, లోకోపకారార్థము అతడు ఒకటవ నంబరునుండి మొదలిడి ముప్పది ఎనిమిదికి చేరియుండెను.

"నంబర్ ముప్పై ఎనిమిది. రాయమల్లు. మనుషులు ఇద్దరు. సీసాలు అర. రిమార్కు..." అని మహబూబు కళ్లజోడు సవరించుకొనెను. "భార్య అలిగి తల్లిగారింటికి పోయినందున అర సీసా చాలును."

"అలిగి పోయిందా!" అని లస్మవ్వ చేతులు చరిచెను. "మొక్కు తీర్సుకోను పోయిందని చెప్పె గదర మాకు! ఏం మొక్కురా రాయమల్లూ, మూడు నెలల మొక్కు?"

జనసముద్రము ఉప్పొంగి నవ్వెను. ముప్పది తొమ్మిది, నలువది గడచెను. నలువది ఒకటవ నంబరు పూలమ్మది. ఆమె పంపు కిందనే బిందె పెట్టుకొని ఉన్నది.

"రిమార్కు. అత్తాకోడండ్లు ఇంటి నడుమ చీర కట్టి రెండు పొయ్యిలు పెట్టినందున రెండు సీసాలు."

"నడుమ కట్టిన చీర ఎవలిదే పూలమ్మా? నీదా, మీ అత్తదా?" అని గుంపులోనుండి ఎవరో కేకవేసిరి.

పూలమ్మ కొంగు ముఖమునకు అడ్డము లాగుకొని, సగము నిండిన బిందెను అక్కడనే విడిచి ఇంటిదారి పట్టెను. ఆ సగము బిందెను చూచినంతనే కనకవ్వ గుండె జారి పాదములయందు పడెను. ఏలయన, మూడు వారముల క్రిందట తాను గుమాస్తాకు చెప్పిన మాట ఆమెకు జ్ఞప్తికి వచ్చెను.

ఆ మాట ఎట్టిదనిన: మూడేండ్ల క్రిందట భూగర్భమున పైకప్పు కూలి, దారి మూసికొనిపోయి, టోపీదీపము ఆరిపోగా, సదయ్య ఒక షిఫ్టు నిండుగా కటికచీకటిలో ఒంటరిగా కూర్చుండెను. బయటికి తీసినప్పుడు నవ్వెను, చాయ తాగెను, మరునాడు డ్యూటీకి దిగెను. నాటినుండి నేటివరకు పదిమంది కుర్రవాండ్రు అతని వీపు చూచి గనిలోనికి నడచుచున్నారు. అయితే ఇంట కందిలి దీపము ఆర్పిన క్షణమున ఆ మహాకాయుడు లేచి కూర్చుండి గోడకొరకు తడుముకొనును. అందుచేత ఆ ఇంట కందిలి ఆరదు. నెలకు ఒక సీసా చాలవలసినచోట మూడు కావలెను. ఈ సంగతి లోకమున కనకవ్వకు మాత్రమే తెలియును. నూనె కొరకు నర్సింగమునకు చెప్పబడెను. ఇప్పుడు గోడకు తెలిసెను.

ఆ వాడలో ఒక నవ్వు మూడు తరములు నిలుచును. ఏనాడో కల్లు దుకాణమున బెంచీమీదనుండి జారిపడిన పోశమును నేటికిని బెంచి పోశము అనియే పిలుతురు, అతని మనుమరాలికి సంబంధము చూడవచ్చినవారును "బెంచోళ్ల ఇల్లు ఎక్కడ?" అని అడిగిరి. చీకటికి జడియువాడను పేరు పడిన మనిషి వెనుక చీకటిలోనికి ఎవడు దిగును? మూడు గంటలకు సైరన్ కూయును. మొదటి షిఫ్టు జనమంతయు ఈ గోడ ముందరినుండియే ఇండ్లకు పోవలెను. ఇప్పుడు పావుతక్కువ మూడు.

కనకవ్వ బిందె దించెను. కొంగు నడుమున దోపెను. శత్రుదుర్గము వంటి ఆఫీసు గడప దాటెను.

"నర్సింగం అన్నా, మా ఇంటి ముచ్చట గోడకెందుకు పెట్టినవే?"

నర్సింగము లేఖిని దించి, టోపీ సవరించుకొని, సభనుద్దేశించినట్లు పలికెను: "చెల్లే! సర్కారు అడిగింది. మీరు చెప్పిన్రు. నేను రాసిన. మీరు చెప్పిందాంట్ల నేనొక్క ముక్క కలుపలే, ఒక్క ముక్క మింగలే. ధర్మంగ రాసిన, ధర్మంగ అతికిచ్చిన. సీసాలు తక్కువైనయంటే ఆక్షేపణ అర్జీ పెట్టుకో."

"సీసాలు సరిపోయినయ్. ఆక్షేపణ నూనె మీద కాదన్నా."

"మరి దేనిమీద?"

"నేను నీకు చెప్పిన గాని గోడకు చెప్పలే. మహబూబ్ భాయికి చెప్పలే. లస్మవ్వకైతే అస్సలు చెప్పలే."

రిమార్కుల గడిలో ఎన్ని మాటలు పట్టునో అతడెరుగును. అవి ఎందరి చెవులలో పడునో అంతవరకు తలపలేదు. "సదవవద్దని చెప్పనా మహబూబ్‌కు?" అనెను.

"వద్దంటే ఇంక గట్టిగ సదువుమంటరు. కాగితం తీసెయ్యి."

నర్సింగము రేకుపెట్టె తెరచి, నిబంధనల కాగితము తీసి, కంఠము సవరించి చదివెను: "జాబితాను కార్యాలయపు గోడకు అతికించి ఏడు దినములు ఉంచవలెను. చింపరాదు. కప్పరాదు. దిద్దరాదు." ముగించి, చేతులు రెండు చాచెను. "నా నౌకరి పోతది చెల్లే."

బయటనుండి మహబూబు గళము గాడ్పుతో కలసి వచ్చెను: "నంబర్ నలభై మూడు..."

అప్పుడు కనకవ్వ తన అమ్ములపొదినుండి ఒక బాణము తీసెను. మెల్లగా, ఈగకును వినపడనంత మెల్లగా పలికెను. "అన్నా. మా ఇల్లు నలభై ఏడు. దానికి ముందు నలభై ఆరు ఉన్నది."

"ఉంటది. లెక్క గంతే గద." ఈ మాట పూర్తియగునంతలో నర్సింగము చేయి తనంతట తానే టోపీ మీదికి పోయెను.

నలువది ఆరవ నంబరు ఇల్లు నర్సింగముదే. సర్కారుకు అబద్ధము చెప్పని ఆ సత్యసంధుడు తన ఇంటి రిమార్కును సైతము తానే, ముత్యములవంటి అక్షరములతో వ్రాసెను: "ఇంటి యజమాని తలలో పేలు. నివారణకు పావు సీసా అదనము." ఆదివారము ఆదివారము ఆ ఇంటి పెరటినుండి వచ్చు కిరోసిన్ వాసనయు, దువ్వెన చప్పుడును, "కదలకయ్యా" అను అతని భార్య గదమాయింపును ఉమ్మడిగోడకు ఇవతలనున్న కనకవ్వ రెండేండ్లుగా వినుచునే ఉన్నది. పేలు అను ఒక్క మాటతో ఆమె ఆ గుమాస్తాను ఆ గదిలోనే నేలకూల్చగలదు. అయినను ఆ మాట ఆమె అనలేదు. అతని టోపీవైపు సైతము చూడక, కిటికీలోనుండి గోడవైపు చూచుచు నిలిచెను. ఆ దినమున జరిగిన పరాక్రమములలోకెల్ల ఇదియే గొప్పదని తెలిసినవారందురు.

"మహబూబ్ యాడిదాక వచ్చిండు?" అని నర్సింగము నీరసించిన గొంతుతో అడిగెను.

"నలభై నాలుగు. అన్నా, నువ్వు సదివిన కాగితంల ఒక్కటి సూడు. రాత ఏ దిక్కుకు ఉండాలెనో ఉన్నదా?"

నర్సింగము చదివెను. మరల చదివెను. వెనుకకు త్రిప్పి అచటను వెదకెను. అతని ముఖమున క్రమముగా ఉదయించిన తేజస్సును వర్ణింప మాటలు చాలవు.

"లేదు చెల్లే! అతికియ్యాలె అని ఉన్నది. రాత బయటికి ఉండాలె అని ఎక్కడ లేదు!"

మైదా జిగురు డబ్బా కనకవ్వ పట్టెను. కుంచె నర్సింగము పట్టెను. ఇరువురును మెరుపులవలె వరండాలోనికి దూకిరి. అదే క్షణమున మహబూబు, "నంబర్ నలభై ఆరు. పేరు... అరె! గుమాస్తా సాబ్, ఇది మీదే!" అని ఆనందముతో నోరు తెరచెను.

"ఆగు!" అని గర్జించెను నర్సింగము. అతడు గర్జించుట వాడవారు అదివరకెన్నడును వినలేదు. పంపు దగ్గరి కాకి ఎగిరిపోయెను.

కనకవ్వ కన్నులు అప్పటికే యుద్ధభూమిని పరీక్షించియుండెను. ఆ ఊరి గోడలపై ఎంత సున్నము కొట్టినను, దానిపై బొగ్గుధూళి వ్రేలి మందమున పేరుకొనియుండును. ఆ ధూళిపై ఏ జిగురును పూర్తిగా పట్టదు. కాగితము అడుగుమూల గాలికి లేచి ఆడుచుండుట ఆమె వచ్చినప్పుడే చూచెను. ఇప్పుడు ఆ మూలలోనికి గోరు దూర్చి లాగెను. అడుగు వచ్చెను. నడుము వచ్చెను. అయితే, చూరుక్రింద ధూళి చేరని కుడిచేతి పైమూల మాత్రము బండవలె పట్టుకొనియుండెను. లాగినచో చినుగును. చినిగిన నౌకరి పోవును. నర్సింగము కన్నులు మూసికొనెను. కనకవ్వ మునివ్రేళ్లపై లేచి, తడిచేతిని ఆ మూలకు ఆనించి, నోటి ఆవిరి ఊదుచు, పసిబిడ్డ కంటి పుసి తీసినంత నెమ్మదిగా గోటితో కదల్చెను. ఒక్కటి. రెండు. మూడు. ఊడెను!

"సర్కారు కాగితం పీకుతున్నరు! ఎవలన్న సూడుండ్రి!" అని లస్మవ్వ అరచెను.

"చింపలే. కప్పలే. దిద్దలే," అని నర్సింగము కుంచె ఎత్తి పలికెను. "అతికింపు సక్కగ లేదు. సక్కగ చేస్తున్న."

అతడు జిగురు పులిమెను. ఆమె కాగితము త్రిప్పెను. నాలుగు అరచేతులు దానిని గోడకు అదిమెను. అక్షరములన్నియు గోడకు ముఖముపెట్టెను. వెలుపల కనిపించునది, ధూళియు జిగురును అంటుకొని కారునల్లనైన వెనుకభాగము మాత్రమే.

మహబూబు కళ్లజోడు తీసి, తుడిచి, మరల పెట్టుకొని చూచెను. "యా అల్లా. గిదేం లిపి?"

"మరి నా నంబరు నేను సూసుకోవాలంటె ఎట్లరా నర్సింగం?" అని లస్మవ్వ నిలదీసెను.

"లోపటికి రా అవ్వా. రిజిస్టర్ల నీది నీకు సదివి చెప్త. తలుపు దగ్గరేసి."

"మందిది?"

"మందిది మంది వచ్చినప్పుడు."

"ఇదేం న్యాయంరా, నలుగురిదీ నలుగురు..." అని అందుకొన్న లస్మవ్వకు హఠాత్తుగా ఏదో జ్ఞప్తికి వచ్చెను. ఆమెది యాబది రెండవ నంబరు. ఆనాడు గుమాస్తాకు తానేమి చెప్పెనో తలచుకొని, దవడ కదల్చుట మానెను. "ఏమో బిడ్డా. గిట్లనే మంచిగున్నట్టున్నది," అనెను.

అప్పుడు సైరన్ కూసెను.

కొంతసేపటికి మొదటి షిఫ్టు జనము, తెల్లని కన్నులు తెల్లని పండ్లు తప్ప సర్వము నల్లనైనవారై, ఆ నల్లని కాగితము ముందర నిలిచిరి. ముందర సదయ్య. వెనుక అతని గ్యాంగు. గ్యాంగులోని మొగిలి అను మాటకారి దారిలోని కిరోసిన్ దుకాణము వద్ద నూనె చిట్టీలు చూచి వచ్చియుండెను. "వదినా, మీకు మూడు సీసాలు రాసిన్రట. మొగడు పెండ్లాలకు మూడెందుకు? తాగుతున్నరా?" అని కేకవేసెను.

సదయ్య అడుగు అచటనే ఆగెను. నల్లని ముఖమున తెల్లని కన్నులు రెండును కనకవ్వపై నిలిచెను.

"కందిలి ఆర్పితె నాకు భయమైతది," అనెను కనకవ్వ. వాడవాడంతయు వినునట్లు అనెను. "మీ అన్నను సతాయించి కందిలి పెట్టిచ్చుకుంట. ఏం, నీకేమన్న తక్కువైతదా?"

గ్యాంగంతయు పగలబడి నవ్వెను. "కందిలి కనకవ్వ!" అని మొగిలి అక్కడికక్కడే పేరు పెట్టెను. జనము అందుకొనిరి. ఆ పేరు ఆ క్షణముననే మూడు తరములకు చాలునంత గట్టిపడెను.

సదయ్య నవ్వలేదు. ముందుకు వచ్చి, కనకవ్వ దించిన ఇత్తడి బిందెను పంపు క్రింద నింపి, మగవాడు నీళ్లబిందె మోయుట ఎరుగని ఆ వాడలో, అందరు చూచుచుండగా దానిని భుజమునకెత్తుకొనెను. "నడువు," అనెను. ఇరువురును పోయిరి.

కాగితము గోడవైపు ముఖముపెట్టి ఏడు దినములు నిబంధన ప్రకారము నిలిచెను. ఎనిమిదవనాడు నర్సింగము రిజిస్టరులో "ఆక్షేపణలు: లేవు" అని వ్రాసి, పక్కనున్న రిమార్కుల గడిని చాలసేపు చూచి, జన్మలో మొదటిసారి ఖాళీగా వదలెను. కనుక దిక్కులు వినుగాక! మహాసంగ్రామమున గెలువబడినది ఒక కాగితము యొక్క ఒక పక్క. గెలిచినది కందిలి కనకవ్వ. ఈ కథ విన్నవారి ఇంట దీపమునకు నూనె తరుగకుండుగాక. అది ఎందుకు వెలుగుచున్నదో ఇంటివారికి మాత్రమే తెలిసియుండుగాక.