ఆచార్యుల వారి ఆకుపచ్చ పొట్లం

మానవజాతి క్షేమానికి దైవభక్తితో బొత్తిగా పని లేదు! ఈ మహాసత్యం మా తైనాన్ విశ్వవిద్యాలయంలో, తత్త్వశాస్త్ర విభాగం మూడో అంతస్తులో రుజువైంది. రుజువు చేసినవారు ప్రొఫెసర్ జియెన్ గారు. "సుఖంగా ఉన్నారా? గుడికి వెళ్తారా?" అని రెండువేలమందిని అడిగి, ఆరేళ్లు కుస్తీ పట్టి తేల్చారు. ఆ కాగితాలు మోసింది మాత్రం ఆఫీసు గుమాస్తాని, నేను.

ఆరోజు కమిటీ వస్తోంది. వాళ్లు ఊఁ అంటే జియెన్ గారు కొత్త క్షేమ పరిశోధన కేంద్రానికి డైరెక్టరు. ఉహుఁ అంటే మళ్లీ మొదటి సంవత్సరం పిల్లలకు తర్కం పాఠాలే! పొద్దున్నే సమావేశం హాల్లోకి వచ్చి, కంప్యూటరు మీదున్న ఆకుపచ్చ పొట్లం చూసి మండిపడ్డారు.

"మైయింగ్ గారూ, ఏమిటిది?"

"మొక్కజొన్న కరకరల పొట్లమండీ. మిషను మొరాయించకుండా పెట్టా. ఆకుపచ్చదైతే బుద్ధిగా నడుస్తుంది, పసుపుదైతే మొండికేస్తుంది. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో అందరూ పెట్టేదేగా! గడువు దాటితే పనిచెయ్యదు, దీనికింకా రెండు నెలలుంది."

"గడువా! నమ్మకాలొద్దని నేను మాట్లాడబోతుంటే నా నెత్తినే మొక్కుబడా? తీసి అవతల పారెయ్యండి!"

పైవారి ఆజ్ఞ. తీశాను. తినే వస్తువు పారెయ్యడానికి మనసొప్పక, టీతో లాగించేశాను. బాగానే ఉన్నాయి.

సభ మొదలైంది. "నమ్మకమంటే మన భయానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు!" అన్నారాయన గంభీరంగా. తెర ఆరిపోయింది! మీటలన్నీ నొక్కారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కాలరుకు మైకుందన్న సంగతి మరిచిపోయి నా చెవి దగ్గరికి వంగారు.

"ఆ పొట్లమేదీ?"

"పారెయ్యమన్నారుగా."

"ఎక్కడ పారేశారు?"

"కడుపులోనండీ."

"కొంప ముంచారు కదమ్మా! పరుగెత్తండి, కింద కొట్లో ఇంకోటి తెండి! ఆకుపచ్చదే! పసుపుది తెచ్చారంటే ఊరుకోను! తేదీ చూసి మరీ తెండి!"

ప్రతి ముక్కా హాలంతా మోగింది. జియెన్ గారి ముఖం పాలిపోయింది. ఆరేళ్ల చాకిరీ! నాకు నిజంగానే జాలేసింది.

కమిటీ అధ్యక్షులు ఔయాంగ్ గారు లేచారు. దేవుడు లేడని మూడు పుస్తకాలు రాసిన మనిషి. నెమ్మదిగా తన సంచీ తెరిచి, ఆకుపచ్చ పొట్లం తీసి, రెండు చేతులతో కంప్యూటరు మీద పెట్టారు.

"మార్చి దాకా పనికొస్తుంది. మరిచిపోకుండా తిరిగిచ్చెయ్యండి, నాలుగింటికి నాకూ ఉపన్యాసముంది."

ఆ సందట్లో నేను బల్ల కిందికి దూరి, ఊడిపోయిన ప్లగ్గు గట్టిగా నొక్కాను. తెర వెలిగింది. హాలంతా చప్పట్లు! నాకు కాదు, పొట్లానికి.

జియెన్ గారు డైరెక్టరయ్యారు. మినిట్స్ ఔయాంగ్ గారు చెప్పగా నేనే రాశాను: "నమ్మకము నిష్ప్రయోజనమని సభ ఏకగ్రీవముగా తీర్మానించినది. మధ్యలో తలెత్తిన సాంకేతిక లోపము శాస్త్రీయ పద్ధతిలో సరిచేయబడినది."

"ప్లగ్గు సంగతి కూడా రాయమంటారా అండీ?" అన్నాను.

"ఏ ప్లగ్గు?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.