సుంకన్న దిగితే లైన్ పోతుంది

ఎనిమిదేళ్లుగా పరిశోధన చేస్తున్న సుంకన్న ఒంటి నుంచి ఒక సోమవారం పొద్దున పదకొండు గంటలకు వైర్‌లెస్ సిగ్నల్ రావడం మొదలైంది. భోజనాల వేళకు విశ్వవిద్యాలయమంతా దానికి అలవాటు పడింది.

ఆ సమయానికి అతను ఎలక్ట్రికల్ విభాగం మిద్దె మీద ఉన్నాడు. చెనక్కాయ చేలల్లో తేమ ఎంత ఉందో ఎండతో నడిచే చిన్న పెట్టెలు కనిపెట్టి, తీగల్లేకుండా ఒకదానికొకటి చెప్పుకోవాలన్నది అతని పరిశోధన. పద్దెనిమిది పెట్టెలు చేశాడు. ఇన్నేళ్లలో అవి ఒకదానికొకటి చెప్పుకున్నది ఏమీ లేదు. పంతొమ్మిదో పెట్టె బిగిస్తూ, ఉక్కపోతకు చొక్కా విప్పి ఎండలో నిలబడ్డప్పుడు కింద లైబ్రరీలో ఎవరో అమ్మాయి "నెట్ వచ్చింది!" అని అరిచింది. సుంకన్న నీడలోకి జరిగాడు. పోయింది. ఎండలోకి వచ్చాడు. వచ్చింది. గైడ్ ప్రొఫెసర్ వేదవతి ముందు ఇదే పదకొండుసార్లు చేసి చూపించాడు.

"పెట్టెల్లో రాకపోతే నీలో వచ్చింది. ఫలితం ఫలితమే," అన్నారామె.

ఆమె అతని పనిని మెచ్చుకోవడం అదే మొదటిసారి. సుంకన్నకు కళ్లు చెమర్చాయి. సిగ్నల్ కాస్త పెరిగింది.

కమిటీ వేశారు. మనిషి నుంచి సిగ్నల్ ఎలా వస్తుందని కమిటీలో ఎవరూ అడగలేదు. అది వాళ్లకు అప్పగించిన విషయం కాదు. అప్పగించింది ఒక్కటే: సుంకన్నను హాజరు పట్టీలో ఉంచాలా, పరికరాల జాబితాలో చేర్చాలా? రెండు సమావేశాల తరువాత, ఎండ ఉన్నంతసేపు పరికరమనీ, పొద్దు వాలాక విద్యార్థి అనీ తేల్చారు. ఎడమ భుజం మీద నంబరు వేశారు. చెమటకు చెరిగిపోని రంగు దొరకడానికి మాత్రం నెల పట్టింది.

పరికరమయ్యాక సుంకన్న రోజులు బాగుపడ్డాయి. విద్యార్థిగా ఉన్నప్పుడు మెస్‌లో రెండో గ్లాసు మజ్జిగ అడిగితే లేదనేవాళ్లు. ఇప్పుడు గంటకోసారి మజ్జిగ మిద్దె మీదికే వస్తోంది, ఒళ్లు వేడెక్కితే వేగం తగ్గుతుందని. "ఎప్పుడైపోతాదప్పా నీ పీహెచ్‌డీ?" అని దారిలో ఆపి అడిగేవాళ్లు లేరు. మబ్బు పట్టిన రోజు సెలవు. అనంతపురం వైపు మబ్బులు ఏపాటి పడతాయన్నది వేరే మాట.

రోజూ ఎనిమిదింటికి అటెండరు ఖాజాబీ తడిగుడ్డతో వచ్చేది. మిద్దె మీది సోలార్ పలకల దుమ్ము తుడవడం ఎన్నో ఏళ్లుగా ఆమె పని. పలకలయ్యాక సుంకన్న వీపు తుడిచేది.

"నిన్నటి గాలికి దుమ్ము బాగా పట్టిండాదప్పా. కండ్లు మూసుకో."

"చెవుల ఎనకాల గూడా తుడువక్కా. హాస్టలు పక్కకు సరిగ్గా పోలేదంట."

సాయంత్రాలు విద్యార్థిగా మారినప్పుడల్లా కూర్చుని, సుంకన్న తన మీద తానే థీసిస్ రాసి సమర్పించాడు. మార్చిలో మౌఖిక పరీక్ష పెట్టారు. పరీక్షాధికారి వేరే రాష్ట్రం నుంచి తెర మీద కనిపిస్తారు. ఆయన కనిపించాలంటే సుంకన్న ఎండలో ఉండాలి. ఆయనకు జవాబు చెప్పాలంటే సుంకన్న కింద హాల్లో ఉండాలి. సాయంత్రానికి మార్చమని అడిగితే, సాయంత్రం నెట్ ఉండదన్నారు. మిద్దె మీది నుంచే ఫోన్లో జవాబు చెబుతానని అర్జీ పెడితే, పరికరం తన సిగ్నల్‌ను తానే వాడుకోవడానికి నిబంధన లేదన్నారు. రెండూ సరైన జవాబులే అని సుంకన్నకూ అనిపించింది.

పరీక్ష రోజున ఖాజాబీ తడిగుడ్డ పక్కన పెట్టింది.

"దిగి పో సుంకన్నా. ఒగ గంట నెట్ లేకుంటే ఎవురూ సావరు."

"నేను దిగితే ఆయప్ప పోతాడక్కా. జవాబు ఎవురికి చెప్పల్ల?"

అయినా సుంకన్న చొక్కా వేసుకుని మూడు మెట్లు దిగాడు. హాల్లోంచి "హలో, హలో, వినబడుతోందా?" అని అరుపులు మొదలయ్యాయి. వేదవతి మెట్ల దగ్గరికి పరుగున వచ్చారు.

"సుంకన్నా, ఆయన ముఖం అలాగే ఆగిపోయింది. పైకి వెళ్లు. నీ పరీక్ష కన్నా ముఖ్యమైంది ఏముంది?"

సుంకన్న చొక్కా విప్పుకుంటూ పైకి వెళ్లాడు.

పరీక్ష గంటా ఇరవై నిమిషాలు జరిగింది. జవాబులు వేదవతి గారే చెప్పారు. సుంకన్నకు మాటలు వినిపించలేదు గాని, ఒక్కొక్క ప్రశ్న పక్కటెముకల్లోంచి సన్నని జలదరింపుగా దాటిపోవడం తెలిసింది. ఒక ప్రశ్న దాటాక చాలాసేపటి దాకా తిరుగు జలదరింపు రాలేదు. అది తనకు తెలిసిన ప్రశ్నేమో అనుకున్నాడు.

పరీక్షాధికారి ఎంతో మెచ్చుకున్నారు. మధ్యలో తెగకుండా సాగిన మౌఖిక పరీక్షను తన అనుభవంలో ఇప్పుడే చూశానన్నారు. అభ్యర్థి గైర్హాజరు కనుక డిగ్రీకి సిఫారసు చేయలేననీ, పరికరం మాత్రం అద్భుతమనీ, ప్రతి విభాగానికీ ఇలాంటిది ఉండాలనీ నివేదిక రాశారు.

"బాధపడకు. నీ గురించి నాలుగు పేజీలు రాశారు. నా థీసిస్‌కు నాలుగు వరుసలే రాశారు," అన్నారు వేదవతి.

సుంకన్న ఆ పేజీలు రెండుసార్లు చదువుకున్నాడు. నిజంగానే బాగా రాశారు. ఆ వారమంతా సిగ్నల్ బస్టాండు దాకా అందింది.

జూన్‌లో ప్రకటన వచ్చింది. పన్నెండు విభాగాలకు పన్నెండు మంది కావాలి. పీజీ పూర్తి చేసి ఉండాలి, ఎండలో నిలబడగలగాలి. నాలుగు వందల మంది వచ్చారు. సర్టిఫికెట్ల ఫైలు తలకు అడ్డం పెట్టుకున్నవాళ్లను మొదటి గంటలోనే పంపేశారు. మిగిలినవాళ్లు ఆవరణలో వరుసలుగా నిలబడ్డారు. ఖాజాబీ బకెట్టుతో నీళ్లు తీసుకుని కిందికి వెళ్లింది.

మూడో వరుసలోని ఒక బక్కపలుచని అమ్మాయి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని మిద్దె వైపు చూసింది.

"అన్నా, ఎట్ల వస్తాదన్నా?"

సుంకన్న పిట్టగోడ మీది నుంచి వంగి, తనను ఒకరు సలహా అడిగినందుకు ఆనందపడ్డాడు.

"నువ్వేం చెయ్యొద్దు తల్లీ. ఎవురేం చెప్పినా సరేననుకుంటా అట్లే నిలబడు. అదే వస్తాది."

ఆ అమ్మాయి తలూపి, కళ్లకు అడ్డం పెట్టుకున్న చేయి దించేసింది. ఆమె వెనకున్నవాళ్లూ ఆ మాట విని, గోడ నీడ తమ మీద పడకుండా ఒక అడుగు ముందుకు జరిగారు.